రోగి కుడి

కుడి ఏదో ఎడమ ఏదో తడుముకోకుండా చెప్పలేని మనిషి ఎక్స్‌రేలు తీసే చదువులో చేరుతుందంటే ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది వాళ్ళ నాన్న. ఆయన దర్జీ. మేడమెట్ల కింద ఒక మిషను, ఒక బల్ల, ఒక ఇస్త్రీపెట్టె పట్టేంత చోటులో కూర్చుని ఆ చుట్టుపక్కల సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని ఆమె ఒకసారి తనంతట తాను చొక్కా చేతులు కత్తిరించింది. బట్టను మడిచి కత్తిరిస్తే కుడిదీ ఎడమదీ ఒకేసారి వస్తాయి. ఆమె మడవకుండా ఒకే నమూనాను రెండుసార్లు పరిచి కత్తిరించింది. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. నాన్న ఆ రెండు ముక్కలనూ ఎత్తి పట్టుకుని, "దీనికి తగ్గ మనిషిని కూడా నువ్వే కుట్టాలి తల్లీ," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె పేరు ఎడాపెడా. వీధిలో, బడిలో, ఆఖరికి కాలేజీలో కూడా ఆ పేరే ఆమెకంటే ముందు వెళ్ళి కూర్చునేది.

మిగతావాళ్ళకు కుడిఎడమలు ఒంట్లోనే ఉంటాయని ఆమె చాలాకాలం గమనించి తెలుసుకుంది. "కుడివైపు తిరుగు" అంటే వాళ్ళు ఆలోచించరు, తిరుగుతారు. ఆమె మాత్రం ఆ మాట విన్నాక లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి. రాసే చెయ్యి ఏదో గుర్తు తెచ్చుకో, అదే కుడి, అని అమ్మ ఉపాయం చెప్పింది. ఆ ఉపాయం అందరికీ పనికొస్తుంది, ఆమెకు తప్ప. ఆమె మొదట పెన్సిలు పట్టింది ఎడమ చేత్తో. బళ్ళో దాన్ని లాగి కుడి చేతిలో పెట్టారు. అందుకని పెన్సిలు అనుకోగానే లోపల రెండు చేతులూ లేచేవి. బయటికి మాత్రం ఏ చెయ్యీ లేచేది కాదు. అడిగినవాళ్ళకు అది మొద్దుతనంలా కనిపించేది. నిజానికి ఆ క్షణంలో ఆమె లోపల జరిగినంత పని ఇంకెవరి లోపలా జరిగి ఉండదు.

మరి ఈ చదువే ఎందుకు అంటే, దానికి కారణం అమ్మ. అమ్మకు దగ్గు తగ్గకపోతే ఒకసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అమ్మ మాట్లాడడం మొదలుపెడితే ఆపగలిగినవాళ్ళు ఆ ఇంట్లో పుట్టలేదు. ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేదాకా కూడా ఆవిడ నర్సుకు తన చుట్టాల జబ్బులన్నీ వరసపెట్టి చెబుతూనే ఉంది. లోపలి నుంచి ఒక ఆడగొంతు, పెద్దదీ కాదు చిన్నదీ కాదు, "గాలి పీల్చండి. ఆపండి," అంది. అంతే, నిశ్శబ్దం. తలుపు బయట నిలబడ్డ ఆమె ఆ నిశ్శబ్దాన్ని విని ఆశ్చర్యపోయింది. అమ్మను అంత నమ్మకంగా, అంత మర్యాదగా ఆపగలిగిన మనిషి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తర్వాత కొన్నాళ్ళకు, తనే అలా ఉండాలనిపించింది.

కాలేజీలో మొదటి పాఠం చెప్పింది పెద్ద మేడం. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. నడుస్తుంటే మెడలోని గుర్తింపు కార్డు కూడా ఊగదు. ఆవిడ తరగతిలో ఒక అస్థిపంజరాన్ని నిలబెట్టి, దాని కుడి చెయ్యి చూపించమంది. సగం మంది తమ కుడివైపు చూపించి నాలుక కరుచుకున్నారు. అప్పుడావిడ నెమ్మదిగా ఇలా చెప్పింది: "ఈ గడప దాటితే మీకు కుడీ లేదు, ఎడమా లేదు. ఉన్నవన్నీ రోగివే. కుడి అంటే రోగి కుడి. బయట 'కుడిఎడమగా అంతే' అంటూ ఉంటారు. ఆ మాట అలవాటైనవాళ్ళు బయటే ఉండండి."

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం ఏదో పట్టు సడలినట్టు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళుగా అందరూ నీ కుడి ఏది, నీ కుడి ఏది అని అడిగినవాళ్ళే. నీ సంగతి ఇక్కడ అక్కర్లేదు అని చెప్పింది ఈవిడ ఒక్కతే. ఎదుటి మనిషిది కనుక్కుంటే చాలు. కనుక్కోవడం ఆమెకు అలవాటైన పని.

అయినా తప్పు జరిగింది. కిందటి విడతలో, ఆసుపత్రి శిక్షణలో. ఎక్స్‌రే తీసేముందు, కిరణాలు పట్టే పలక మూలలో గోరంత సీసపు అక్షరం ఒకటి అంటించాలి. కుడికి ఆర్, ఎడమకి ఎల్. కిరణాలు సీసంలోంచి వెళ్ళవు కాబట్టి ఆ అక్షరం చిత్రంలో తెల్లగా పడుతుంది. ఏ వైపు ఏదో ఆ తర్వాత చూసేవాళ్ళకు చెప్పేది అదే. ఆమె ఒక మనిషి కుడి చేతికి ఎల్ పెట్టింది. వేలికి ఉంగరం ఉండబట్టి డాక్టరు పసిగట్టారు, లేకపోతే బాగున్న చేతికి కట్టు పడేది. కాలేజీలో ఆమెను కూర్చోబెట్టి మాట్లాడారు. ప్రిన్సిపాలు చాలా మెత్తగా, రక్తపరీక్షల కోర్సుకు మారతావా అని అడిగారు. ఆమె మారనంది. అయితే ఇలాంటిది ఇంకొక్కటి జరిగితే ఏడాది మొత్తం మళ్ళీ చదవాలని రాయించి సంతకం పెట్టించుకున్నారు.

ఇంటికి వెళ్ళి చెబితే నాన్న ఎడాపెడా అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత ఆమె తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ మనిషి వచ్చినా ముందు, "మీ కుడి చెయ్యి పైకెత్తండి," అంటుంది. ఎత్తిన చేతి భుజం మీద అరచెయ్యి ఆనించి, "ఇది మీ కుడి భుజం," అని పైకి అంటుంది. అవునన్నాకే అక్షరం తీస్తుంది. ఇదంతా చాదస్తమని తోటి విద్యార్థులు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళలో తొందర అని పేరుపడ్డ పిల్ల ఒకతె ఉంది. అన్నం కూడా నిలబడే తింటుంది. ఆ పిల్లకు ఎడాపెడా అంటే ఇష్టమే గానీ, "ఇంటికెళ్ళి కూడా ఇంతేనా? మీ ఇల్లు ఇదేనా అని అడిగి, వాళ్ళు అవునన్నాక లోపలికెళ్తావా?" అని ఏడిపించేది. ఆమె నవ్వి ఊరుకునేది. తప్పు చేస్తానన్న భయంతో మొదలైన ఆ పద్ధతి నెమ్మదిగా భయం లేకుండానే నడవసాగింది. చేతికి అదొక నడకలా అలవాటైపోయింది. అది భయం కాదని ఆమెకు తెలుసు, కానీ దాన్ని ఏమనాలో తెలియలేదు.

ఆఖరి పరీక్ష ఆసుపత్రిలోనే. ముగ్గురు రోగులు, ముగ్గురికీ తనే తీయాలి, పెద్ద మేడం వెనక నిలబడి చూస్తుంది. మొదటిది ఒక ముసలావిడ మోకాలు. చక్కగా వచ్చింది. మేడం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు.

రెండోది ఒక లారీ డ్రైవరు ఛాతీ. కొత్త కంపెనీలో చేరబోతున్నాడు, ఆరోగ్యం బాగుందని కాగితం కావాలి. జలుబు తప్ప ఇంకో జబ్బు ఎరగనని గదిలోకి వస్తూనే చెప్పుకున్నాడు. చొక్కా విప్పి ఆసుపత్రి గౌను తొడుక్కుంటే పొట్ట దగ్గర ముడి అందక తంటాలు పడ్డాడు. ఆమె ముడి వేసి, కుడి చెయ్యి పైకెత్తమంది.

"ఎందుకమ్మా, చేతిలో ఏమైనా పెడతావా?"

"ఎత్తండి, చెబుతాను."

ఎత్తాడు. ఆమె అరచెయ్యి భుజం మీద ఆనించింది. "ఇది మీ కుడి భుజం."

"నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అదే," అన్నాడాయన. "బండి నడిపేవాణ్ణి, నన్నడుగుతావేంటి."

పెద్ద మేడం పెదవి చివర కొంచెం కదిలినట్టనిపించింది. ఆమె డ్రైవరును పలక ఎదురుగా నిలబెట్టి, గడ్డం పైన ఆనించి, చేతులు నడుం మీద పెట్టించి, భుజాలు ముందుకు వంచింది. అంతసేపూ కుడి భుజం మీద నుంచి చెయ్యి తీయలేదు. రెండో చేత్తో ఆర్ అక్షరం ఆ భుజానికి పైన మూలలో అంటించింది. సీసపు అద్దం వెనక్కి వచ్చి గాలి పీల్చమంది, ఆపమంది, మీట నొక్కింది, వదిలేయమంది. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి ఆఫీసులో ఫోనుందంటే మేడం బయటికి వెళ్ళింది.

చిత్రం తెర మీదకు వచ్చింది. ఊపిరితిత్తులు నల్లగా, నిండుగా, పక్కటెముకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఇంత మంచి చిత్రం తను ఇంతవరకూ తీయలేదని ఒక్క క్షణం మురిసిపోయింది. తర్వాత గుండె వైపు చూసింది. గుండె ఒరిగి ఉన్నది ఆర్ అక్షరం వైపు.

గుండె ఎడమకి ఒరుగుతుంది. ఆర్ అంటే కుడి. రెండూ ఒక పక్కన ఉండకూడదు. ఉన్నాయంటే ఆ అక్షరం ఎడమ భుజం దగ్గర పెట్టినట్టు. పైగా, తెర మీద చిత్రాన్ని ఏ వైపుగా నిలబెట్టాలో చెప్పేది ఆ అక్షరమే కాబట్టి, కింద పొట్టలోని గాలిబుడగ దగ్గర్నుంచి అంతా అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉంది. అక్షరం తప్పు పెడితే అచ్చం ఇలాగే వస్తుంది.

లోపల ఒక గొంతు, చాలా పాతది, చూశావా, మళ్ళీ చేశావు అంది. ఆ గొంతుకు ఆశ్చర్యం లేదు. ఎన్నాళ్ళుగానో ఈ కబురు కోసమే కాచుకుని ఉన్నట్టు, తీరిగ్గా పలికింది.

తర్వాతి పరీక్ష కోసం తలుపు దగ్గర కాచుకున్న తొందర వచ్చి తెర వైపు చూసి, సంగతి అర్థమై, గొంతు తగ్గించి గబగబా ఉపాయం చెప్పింది. బొమ్మను తిప్పేసి, ఆ అక్షరాన్ని చెరిపేసి, కంప్యూటరులోనే కొత్త అక్షరం పెట్టేస్తే సరి. చిటికెలో పని. డాక్టర్ల ముందే చాలామంది చేస్తారు, మేడం వచ్చేలోగా అయిపోతుంది.

"ఏడాది పోతుందే పిచ్చిదానా. తిప్పెయ్."

ఆమె చెయ్యి మౌసు మీదే ఉంది. చిత్రం తప్పంటోంది. చదివిన పుస్తకాలు తప్పంటున్నాయి. కిందటి విడత తప్పు, చిన్నప్పటి చొక్కా, తన పేరు, అన్నీ ఆ పక్కనే వరసగా నిలబడ్డాయి. ఈ పక్కన ఉన్నది ఒక్కటే. అరచేతికి ఇంకా తెలుస్తున్న గౌను గుడ్డ గరుకుదనం, దాని కింద ఆ మనిషి భుజపు ఎముక. ఆయన అవునన్నాక తను ఆ భుజాన్ని వదల్లేదు. వదలకుండానే అక్షరం అంటించింది. కళ్ళతో చూసినదైతే అనుమానించేదేమో. చేత్తో పట్టుకున్నదాన్ని ఎలా కాదనుకోవడం?

అక్షరం తప్పు కాకపోతే గుండె నిజంగానే అక్కడ ఉండాలి. రెండో సంవత్సరం పాఠంలో ఒక్క పేరాలో ఉంది అలాంటిది. లోపలున్నవన్నీ అటుదిటుగా పుట్టిన మనుషులు వేలల్లో ఒకరుంటారని, చాలామందికి బతికినన్నాళ్ళూ తెలియదని. పరీక్షలో ఎవరూ అడగని పేరా. తను ఇప్పుడు తిప్పేస్తే ఈ మనిషికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు. రేపు ఏ కడుపునొప్పితోనో వస్తే, డాక్టర్లు జబ్బును అది లేని పక్కన వెతుకుతారు.

ఆమె మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. తొందర తల కొట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

పెద్ద మేడం వచ్చి తెర ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. కోప్పడుతుందేమో అనుకుంటే, ఆవిడ ముఖంలో అంతకంటే కష్టమైనది కనిపించింది. జాలి.

"కంగారుపడ్డావు," అంది మెల్లగా. "నేను నీ వెనకే ఉన్నాను, నేనూ గమనించలేదు. ఆయన్ని మళ్ళీ నిలబెట్టు. అక్షరం సరిగ్గా పెట్టి ఇంకోటి తియ్యి. దీన్ని ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను."

ఇది తొందర చెప్పినదానికంటే పెద్ద వల. తోసెయ్యడానికి వీల్లేనంత దయ ఉంది అందులో. సరేనంటే ఏడాది దక్కుతుంది, మేడం అభిమానం దక్కుతుంది. తప్పు చేశానని ఒప్పుకోవడం ఒక్కటే ఖర్చు. అది ఆమెకు పుట్టినప్పటి నుంచీ వచ్చిన విద్యే.

"మళ్ళీ తీసినా ఇదే వస్తుంది మేడం," అంది.

మేడం ఆమె వైపు తిరిగింది. "రాకపోతే?"

"రాకపోతే ఏడాది మళ్ళీ చదువుతాను. కానీ వస్తుంది. తెలిసిందే మళ్ళీ చూడడానికి ఆయన మీద ఇంకోసారి కిరణాలెందుకు? ఒక్క మాట అడగనివ్వండి ఆయన్ని."

తన గొంతు వణకలేదని ఆమె తర్వాత గుర్తుచేసుకుంది. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మేడం తల ఊపింది, ఊపుతూనే, చిత్రంలో కనిపించింది రోగికి చెప్పకూడదన్న నియమం గుర్తుందా అన్నట్టు కనుబొమ్మలెత్తింది. ఆమెకు గుర్తుంది. చెప్పడానికి కాదు, అడగడానికే వెళ్ళింది.

డ్రైవరు బల్ల అంచు మీద కూర్చుని, గౌను ముడి విప్పే దారి వెతుక్కుంటున్నాడు.

"పరుగెత్తినప్పుడు గుండె దడదడమంటుంది కదండీ. మీకు ఎక్కడ తెలుస్తుంది? చెయ్యి పెట్టి చూపించండి."

ఆయన ఆలోచించలేదు. కుడి రొమ్ము కింద అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఇక్కడేగా, అందరికీ ఉన్నచోటే." మళ్ళీ ఆయనే నవ్వుతూ అందుకున్నాడు. "చిన్నప్పుడు మా మాస్టారు గుండె మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యమని ఈ పక్క చూపించేవాడమ్మా." ఎడమవైపు తట్టాడు. "ఇక్కడేమో ఏమీ కొట్టుకోదు. చదువు తక్కువోడికి గుండె కూడా తక్కువేమో అనుకున్నా. తర్వాత్తర్వాత ఇటుపక్క దొరికింది. మాస్టారికే తెలీదులే అని ఊరుకున్నా."

పెద్ద మేడం ఎప్పుడు వచ్చి పక్కన నిలబడిందో ఆమె చూడలేదు. ఆవిడ ఆయన అనుమతి అడిగి, గౌను మీద నుంచే ఎడమ పక్కన రెండు వేళ్ళు ఆనించి కాసేపు ఆగింది. తర్వాత కుడి పక్కన ఆనించింది. అక్కడ ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"ఏమైనా తేడా ఉందా మేడంగారూ?" అన్నాడాయన, ఈసారి నవ్వకుండా.

జవాబు ఎవరు చెప్పాలో ఆ గదిలో ఒక్క క్షణం తేలలేదు. మేడం ఆమె వైపు చూసింది.

"భయపడాల్సింది నాకేమీ కనిపించలేదండి," అంది ఆమె. "చిత్రం స్పష్టంగా వచ్చింది. దాన్ని చదివి చెప్పాల్సింది డాక్టరుగారు. ఇప్పుడు చెప్పారే మాస్టారి సంగతి, అది డాక్టరుగారికి కూడా తప్పకుండా చెప్పండి. మరిచిపోవద్దు."

ఆయన వెళ్ళిపోయాక ఇద్దరూ అద్దం వెనక్కి వచ్చారు. తెర మీద ఆ ఛాతీ అలాగే ఉంది. ఇప్పుడు అందులో తారుమారు ఏదీ లేదు. అదొక మనిషి, అంతే, తన గుండె తన చోట ఉన్న మనిషి. చిత్రం కింద డాక్టరు కోసం ఖాళీ గడి ఒకటి ఉంటుంది. మేడం కుర్చీ ఆమె వైపు జరిపి, నువ్వే రాయమంది. ఆమె రాసింది: అక్షరం రోగి కుడి భుజం దగ్గరే పెట్టాను, రోగిని అడిగి సరిచూసుకున్నాను, చిత్రాన్ని తిప్పవద్దు.

మేడం చదివి, ఒక్క మాట కూడా మార్చలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది: "నేనైతే తిప్పేసేదాన్ని. నాకు కుడిఎడమలు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఎవర్నీ అడగను."

ఆ మాటలో క్షమాపణ లేదు. ఆమె కోరుకోలేదు కూడా. పని తెలిసిన ఒకరు పని తెలిసిన ఇంకొకరితో పని గురించి చెప్పుకునే మాట అది. ఆ గొంతుతో మేడం ఇంతవరకూ ఏ విద్యార్థితోనూ మాట్లాడగా ఆమె వినలేదు.

సంతోషం ఉప్పొంగుతుందేమోనని ఎదురుచూసింది. అలా రాలేదు. డ్రైవరు చెయ్యి కుడి పక్కకు వెళ్ళినప్పుడు కలిగింది ఊరటే. అది అప్పుడే అయిపోయింది. ఇప్పుడు మిగిలినది వేరు. తను గెలిచింది ఆయన చెయ్యి పెట్టినప్పుడు కాదని ఆమెకు అర్థమవుతోంది. అంతకు ముందే, ఇంకా ఏమీ తేలకముందు, అన్నీ ఒక పక్కన నిలబడి నువ్వు తప్పు అంటుంటే, కాదు అన్నప్పుడు. ఆ కాదు అన్నది ఎవరో తెలుసుకోవాలన్నట్టు ఆమె తనలోకి తొంగి చూసుకుంది. అక్కడ ఆ పాత గొంతు ఉంది. మాట్లాడ్డం లేదు. ఊపిరి బిగబట్టి ఉంది.

నర్సు మూడో రోగి కాగితం తెచ్చి ఇచ్చింది. మెట్ల మీద జారిపడ్డ ఆడమనిషి, మణికట్టు. మేడం కాగితం చూసి, దాన్ని ఆమెకు అందించి, మార్కుల పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది.

"కానివ్వు. నేను బయట కూర్చుంటాను."

"చూడరా మేడం?"

"చిత్రం చూస్తాను," అందావిడ. "నిన్ను చూడక్కర్లేదు."

తలుపు మూసుకుంది. అద్దం వెనక ఎవరూ లేరు. మీటలు, తెర, తెర మీద కొత్త పేరు కోసం తెరుచుకున్న ఖాళీ చతురస్రం. అటుపక్క బల్ల దగ్గర ఆడమనిషి వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని చూస్తోంది. ఆమె కోటు సరిచేసుకుని, ఆ మనిషికి కనిపించేలా వెలుతురులోకి నడిచింది.